రిపోర్టుల్లో లేనంత మాత్రాన

ఏళ్ల తరబడి కడుపు బాధ పడే మనిషికి మూడు చోట్ల మూడు జవాబులు దొరుకుతాయి. ఇంట్లో, "గ్యాసేలే, కాస్త వాము నమిలి పడుకో." మందుల షాపులో, "పొద్దున్నే పరగడుపున ఇదొకటి వేసుకోండి." ఈ రెండూ పనిచేయక ఆసుపత్రికి వెళితే స్కానింగ్ తీసి, నోట్లోంచి గొట్టం వేసి చూసి, రక్తం నాలుగు సీసాలు పట్టి, ఆఖర్న చెప్పే మాట: "అన్నీ నార్మలే. మీకేమీ లేదు. టెన్షన్ పడకండి." వెంట వచ్చిన బంధువులకు ఇది శుభవార్త. తిన్న పావుగంటకే బాత్రూమ్ వెతుక్కునే మనిషికి మాత్రం ఇది కొత్త శిక్ష. నిన్నటిదాకా అతను రోగి, నేటి నుంచి అనుమానితుడు. "అన్ని పరీక్షలూ చేయించాం, ఏమీ లేదన్నారు, అయినా మూలుగు మానడు" అనే మాట ఇంటిల్లిపాది నోటా నానుతూ ఉంటుంది.

ఈ మూడు జవాబుల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. యంత్రానికి చిక్కితేనే జబ్బు, చిక్కకపోతే అయితే గ్యాసు, లేకపోతే మనసు. చదువుకున్నవాళ్లూ చదువులేనివాళ్లూ, పల్లె ఆర్‌ఎంపీ నుంచి నగరంలో పెద్ద బోర్డున్న ఆసుపత్రి దాకా అందరూ పంచుకుంటున్న నమ్మకం ఇది. ఇది తప్పని నా వాదన. సైన్సు ప్రకారం తప్పు, ఖర్చు ప్రకారం దండగ, కొన్నిసార్లు ప్రాణాల మీదికి తెచ్చేది కూడా. పరీక్షలు నార్మల్‌గా వచ్చిన చోట రోగ నిర్ధారణ ఆగిపోకూడదు. అక్కడి నుంచి అది మొదలు కావాలి, మొదలుపెట్టే విద్య వైద్యుల దగ్గర ఉంది కూడా.

యంత్రం చూసేదెంత?

ముందు, ఆ పరీక్షలు దేన్ని చూస్తాయో తెలుసుకుందాం. ఎండోస్కోపీ అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగాల లోపలి పొరను చూపిస్తుంది. కొలనోస్కోపీ పెద్దపేగునీ, చిన్నపేగు చివరి కొసనీ చూపిస్తుంది. అల్ట్రాసౌండ్ కాలేయం, పిత్తాశయం, మూత్రపిండాల ఆకారం చెబుతుంది, రాళ్లుంటే పట్టిస్తుంది. పుండు, వాపు, గడ్డ, రాయి వీటి వేట. పేగు సరైన వేగంతో కదులుతోందా, పేగు గోడలోని నరాలు మామూలు కదలికను కూడా నొప్పిగా పైకి చేరవేస్తున్నాయా అన్నది ఇవి చూడవు, చూడలేవు. గోడ మీది స్విచ్‌బోర్డు ఫొటో చూసి ఇంట్లో వోల్టేజీ ఎంతో చెప్పమంటే ఎలా ఉంటుందో, స్కానింగ్ చూసి పేగు పనితీరుకు సర్టిఫికెట్ ఇవ్వడం అలా ఉంటుంది.

పేగుకు సొంత నరాల వ్యవస్థ ఉందని వైద్యశాస్త్రానికి తెలియక కాదు. లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1899లోనే కుక్క పేగుకు బయటి నుంచి వచ్చే నరాలన్నీ తెంచి చూశారు. అయినా పేగు లోపలి పదార్థాన్ని ముందుకు నెడుతూనే ఉంది. పేగు గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయని ఇవాళ ఏ వైద్య విద్యార్థిని అడిగినా చెబుతాడు. శరీరంలోని సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా తయారయ్యేది పేగులోనే. ఇంత పెద్ద నాడీ యంత్రాంగం గాడి తప్పడానికి పైన పుండు కనిపించి తీరాలని ఎక్కడా లేదు.

ఆ గాడి తప్పడాన్ని కొలిచి చూపినవాళ్లూ ఉన్నారు. 1973లో రిచీ అనే బ్రిటిష్ వైద్యుడు పెద్దపేగులో చిన్న బెలూన్ పెట్టి గాలి నింపాడు. 60 మిల్లీలీటర్లు నింపేసరికి, నార్మల్ రిపోర్టులతో నొప్పి అంటూ వచ్చిన రోగుల్లో సగానికి పైగా బాధపడ్డారు. అదే కొలతకు ఆరోగ్యవంతుల్లో నొప్పి తెలిసినవాళ్లు అరుదు. గాలి అందరికీ ఒక్కటే, నరాల స్పందన వేరు. "అందరికీ గ్యాస్ ఉంటుంది, నీకొక్కడికేనా" అనే ఇంటి ఎత్తిపొడుపుకు ఆ బెలూన్ యాభై ఏళ్ల కిందటే జవాబు చెప్పింది.

అసలు గాడి ఎందుకు తప్పుతుంది? కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న పట్టణం ఉంది. 2000 మే నెలలో భారీ వర్షాలకు పశువుల పేడ కొట్టుకొచ్చి ఊరి తాగునీటి బావిలో కలిసింది. 2,300 మందికి పైగా వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డారు, ఏడుగురు చనిపోయారు. రెండు మూడేళ్ల తర్వాత పరిశోధకులు ఊరివాళ్లను పరిశీలించారు. ఆనాడు జబ్బు పడనివాళ్లలో దీర్ఘకాలిక పేగు బాధ, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, 10 శాతం మందిలో కనిపించింది. వైద్యులు విరేచనాల జబ్బుగా గుర్తించినవాళ్లలో అది 36 శాతం. సూక్ష్మక్రిమి ఎప్పుడో పోయింది, దాని దెబ్బ మాత్రం పేగులో మిగిలింది. ఒకే ఊరు, ఒకే నీరు, ఒకే ఏడాది. జబ్బు పడ్డవాళ్లకే టెన్షన్ మూడింతలు పెరిగిందనుకుందామా? కలుషిత నీరు, వరదలు, విరేచనాలు మనకు కొత్త కాదు. "టైఫాయిడ్ వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ నా కడుపు మునుపటిలా లేదండీ" అని చెప్పే మనిషి కట్టుకథ చెప్పడం లేదు.

"అంతా మనసులోనే"

ఈ మాట ఇంతకుముందు కూడా ఒకసారి బోర్లా పడింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కడుపులో పుండుకు కారణం మానసిక ఒత్తిడి, కారం, ఆమ్లం అన్నది తిరుగులేని సత్యంగా చలామణీ అయింది. పుండున్నవాణ్ని విశ్రాంతి తీసుకోమనేవారు, ఉద్యోగం మార్చుకోమనేవారు, పాలు తాగమనేవారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ కలిసి జీర్ణాశయంలో బతికే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను పెంచి చూపారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జీర్ణాశయ వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. నాటి "టెన్షన్ రోగుల్లో" ఎంతోమందికి కావలసింది రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు. కారణం తెలియని చోట మనసును ముద్దాయిగా నిలబెట్టే అలవాటు వైద్యానికి ఎంత పాతదో, ఎంత ఖరీదైనదో ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మనసుకూ పొట్టకూ సంబంధం లేదని నేననడం లేదు. పరీక్ష రోజు పొద్దున కడుపులో తిప్పని విద్యార్థి ఎవరు? అయితే ఆ దారిలో రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. ఆస్ట్రేలియాలో 12 ఏళ్ల పాటు సామాన్య ప్రజల్ని గమనించిన అధ్యయనం 2012లో వెలువడింది. మొదట్లో ఆందోళన ఉన్న కొందరికి తర్వాత పేగు బాధ వచ్చింది నిజమే. మొదట్లో ఏ ఆందోళనా లేక, పేగు బాధ మాత్రమే ఉన్నవాళ్లలో తర్వాత ఆందోళన పెరగడం కూడా అంతే నిజం. బస్సు ఎక్కాలంటే భయం, పెళ్లి భోజనమంటే భయం, ఆఫీసులో మీటింగ్ మధ్యలో లేవాల్సి వస్తుందేమోనని భయం. ఇంత బాధ పడుతున్న మనిషికి టెన్షన్ రాకపోతే ఆశ్చర్యపోవాలి. ఫలితాన్ని కారణంగా చూపించి మనిషిని ఇంటికి పంపేయడం వైద్యం అనిపించుకోదు.

పైగా "టెన్షన్ తగ్గించుకోండి" అనేది చికిత్స కూడా కాదు. ఎలా తగ్గించుకోవాలో చెప్పరు, ఎన్నాళ్లకు మళ్లీ చూపించుకోవాలో చెప్పరు. గుండెపోటు వచ్చినవాడికి ఒత్తిడి తగ్గించుకోమని మాత్రమే చెప్పి పంపితే మనం ఊరుకుంటామా?

పేరు పెట్టకపోతే పోయేదేమిటి?

ఇక్కడ ఒక లౌక్యపు ప్రశ్న వస్తుంది. "గ్యాసో, ఇంకోటో, ఏదైతేనేం? తగ్గడానికి మందిస్తున్నారుగా, పేరుతో పనేంటి?" పేరుతోనే పని. పేరు లేని చోట అన్ని జబ్బులూ గ్యాస్ అనే ఒకే గోనెసంచిలో పడతాయి, వాటిలో కొన్ని ఆగేవి కావు.

గుండె కింది గోడకు రక్తం అందక వచ్చే గుండెపోటు ఛాతీలో కాకుండా పొట్ట పైభాగంలో మంటగా, వికారంగా, తేన్పులుగా రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. "రాత్రి గ్యాస్ నొప్పి అన్నాడు, సోడా తాగి పడుకున్నాడు" అనే వాక్యం మన ఊళ్లలో ఎన్ని చావు ఇళ్లలో వినపడలేదు? అక్కడ కావలసింది వాము కాదు, వెంటనే ఈసీజీ.

పేగుల్లో క్షయ సంగతి చూడండి. క్షయ, క్రోన్స్ అనే రెండు జబ్బులూ చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోటే ఎక్కువగా కాపురం పెడతాయి. రెంటిలోనూ నొప్పి, బరువు తగ్గడం, విరేచనాలు. కొలనోస్కోపీలో కూడా ఒకదానికొకటి నకలులా కనిపిస్తాయి. చికిత్సలు మాత్రం ఎదురెదురు. క్రోన్స్‌కు రోగనిరోధక శక్తిని అణచే స్టెరాయిడ్లు ఇస్తారు. అవే క్షయ రోగికి ఇస్తే నిప్పు మీద నెయ్యి పోసినట్టే. ఈ దేశంలో ఈ రెంటినీ వేరు చేయడం జీర్ణకోశ వైద్యులకు నిత్య పరీక్ష. అలాంటి చోట రోగి రెండేళ్ల పాటు గ్యాస్ బిళ్లలతో నెట్టుకొస్తే ఆ రెండేళ్లూ జబ్బుకు దక్కిన రెండేళ్లే.

ఆడవాళ్ల విషయంలో ఈ పేరులేనితనం కత్తి దాకా తీసుకెళుతోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఇవన్నీ పేగు నొప్పికి చేసిన ఆపరేషన్లని నేననను. అధిక రక్తస్రావం, గడ్డలు వంటి కారణాలున్నాయి, డబ్బాశ ఉంది, క్యాన్సర్ వస్తుందని పెట్టే భయం ఉంది. కానీ అమెరికాలో లాంగ్‌స్ట్రెత్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఆలోచింపజేస్తుంది. పేగు పనితీరు బాధ ఉన్నవాళ్లలో పిత్తాశయం తీసే ఆపరేషన్లు మిగతావాళ్ల కంటే మూడింతలు, అపెండిక్స్, గర్భసంచి ఆపరేషన్లు రెండింతలు జరిగాయి. నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో తేలని పొట్టలో, తీయడానికి వీలైన అవయవం ఏదుంటే దాని మీద నేరం మోపుతున్నారన్నమాట. పొత్తికడుపు నొప్పితో వెళ్లిన మహిళను మలవిసర్జనతో నొప్పి మారుతుందా, నెలసరితో మారుతుందా అని రెండు ప్రశ్నలడగకుండానే స్కానింగ్‌లో కనిపించిన చిన్న గడ్డను చూపి ఆపరేషన్ అంటే, మన రాష్ట్రాల అంకెలు తెలిసినవాళ్లు భయపడాల్సిందే. దీనికి ఎదురు తప్పూ ఉంది. నెలసరితో పాటే వచ్చే ఉబ్బరం, మలవిసర్జనలో నొప్పి ఎండోమెట్రియోసిస్ లక్షణాలు కావచ్చు. దాన్నీ గ్యాసనే అంటున్నాం.

ఇక గ్యాస్ బిళ్ల సంగతి. ఆమ్లాన్ని ఆపే ఈ తరగతి మందుల్లో మొదటిదైన ఓమెప్రజోల్ 1988లో బజారులోకి వచ్చింది. పుండ్లకు, అన్నవాహికలోకి ఆమ్లం ఎగదన్నే జబ్బుకు నిజంగా గొప్ప మందు. దాని తోబుట్టువు పాంటాప్రజోల్ మన దగ్గర చీటీ లేకుండానే చేతికొస్తుంది, ఏ మందు రాసినా దాని పక్కన తోడుపెళ్లికూతురిలా కూర్చుంటుంది. ఉబ్బరానికి, మలబద్ధకానికి, విరేచనాలకు అది పనిచేయదు, ఎందుకంటే అవి ఆమ్లం తెచ్చిన బాధలు కావు. అయినా ఏళ్ల తరబడి మింగితే బీ12, మెగ్నీషియం తగ్గే ప్రమాదం ఉంది. మానేద్దామంటే మంట తిరగబడుతుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ కడుపు జబ్బూ లేని ఆరోగ్యవంతులకు ఈ తరగతి మందును 8 వారాలిచ్చి ఆపితే 44 శాతం మందికి కొత్తగా ఆమ్ల బాధ మొదలైంది. మందు మానగానే వచ్చిన మంటను చూసి "చూశారా, నాకు గ్యాస్ జబ్బు ఉంది" అనుకుని మళ్లీ స్ట్రిప్పు కొంటాం. నిర్ధారణ లేని చికిత్స ఇలా తన రోగిని తానే తయారు చేసుకుంటుంది.

మరైతే ఇంకా పరీక్షలా?

నా వాదన విని ఇంకొక వర్గం సంతోషించవచ్చు. "చూశారా, ఇంకా లోతుగా టెస్టులు చేయించాలి" అని. ఫుల్ బాడీ ప్యాకేజీలు అమ్మేవాళ్లు, రెండొందల ఆహార పదార్థాలకు ఐజీజీ పరీక్ష చేసి మీకేది పడదో చెబుతామనేవాళ్లు, పేగు కడిగి విషాలు తీస్తామనేవాళ్లు ఆ దుకాణంలోనే ఉన్నారు. ఐజీజీ ఆహార పరీక్షలతో ఆహారం పడకపోవడాన్ని నిర్ధారించవద్దని ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే చెప్పింది. ఒక పదార్థం తిన్నామనడానికి శరీరంలో మిగిలే గుర్తు అది, పడదనడానికి రుజువు కాదు. ప్యాకేజీలో దొరికే గ్రేడ్ వన్ ఫ్యాటీ లివరో, మూత్రపిండంలో చిన్న తిత్తో పొట్ట ఉబ్బరానికి కారణం అయ్యే అవకాశం దాదాపు లేదు. కానీ రోగికి ఆ రోజు నుంచి ఒక కొత్త బెంగ, ఆసుపత్రికి కొత్త ఫైలు. "ఏమీ లేదు" అనేవాళ్లూ, "ఏదో ఒకటి దొరికేదాకా వెతుకుదాం" అనేవాళ్లూ ఎదురెదురు పక్షాల్లా కనిపిస్తారు. నిజానికి ఇద్దరి మతమూ యంత్రమే. రోగి చెప్పేది వినడం ఇద్దరికీ అనవసరం.

స్పష్టమైన నిర్ధారణకు దారి వేరే ఉంది. 2016లో నాలుగో కూర్పుగా వచ్చిన రోమ్ ప్రమాణాలు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌ను లక్షణాలతోనే నిర్ధారిస్తాయి. గత మూడు నెలలుగా వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం, ఎన్నిసార్లు వెళుతున్నారన్నదాంట్లో మార్పు, మలం తీరులో మార్పు, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. బాధ మొదలై ఆరు నెలలైనా కావాలి. మలం తీరు చెప్పడానికి సిగ్గుపడకుండా 1997 నుంచి బ్రిస్టల్ చార్టు ఉంది. గట్టి ఉండల నుంచి నీళ్ల దాకా ఏడు బొమ్మలు, వేలు పెట్టి చూపిస్తే చాలు. రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, తిన్నాక గంటల తరబడి బరువు వేరే జబ్బు. దాన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. 33 దేశాల్లో 73 వేల మందిని పరిశీలించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, ఇంటర్నెట్ ద్వారా జవాబులిచ్చినవాళ్లలో 40 శాతానికి పైగా మందికి ఈ కుటుంబానికి చెందిన ఏదో ఒక రుగ్మత ఉంది. ఇన్ని కోట్ల మంది ఒకేసారి ఊహించుకుంటున్నారనడం సైన్సు అనిపించుకోదు.

"లక్షణాలతోనే పేరు పెడితే క్యాన్సర్ తప్పిపోదా?" న్యాయమైన భయమే. అందుకే ప్రమాద సూచికలు ఉన్నాయి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, వదలని జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, ముద్ద దిగకపోవడం, కామెర్లు, నలభై అయిదు యాభై దాటాక తొలిసారి మొదలైన బాధ, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ ఉన్న చరిత్ర. వీటిలో ఏ ఒక్కటున్నా గొట్టం వేయాలి, స్కాన్ తీయాలి, ఆలస్యం తప్పు. యాభై దాటిన మహిళకు కొత్తగా వచ్చి వదలని ఉబ్బరం ఉంటే అండాశయాల మీద కన్నేయాలి. ఇవేవీ లేని చిన్నవయసు వాళ్లకు కొద్ది పరీక్షలు చాలు. రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, గోధుమ పడని సీలియాక్ జబ్బుకు టీటీజీ, పేగు వాపు ఉందో లేదో చెప్పే మల పరీక్ష కాల్‌ప్రొటెక్టిన్. డెన్మార్క్‌లో 302 మందిని రెండుగా విడదీసి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒక గుంపుకు లక్షణాలతో నేరుగా పేరు పెట్టారు, రెండో గుంపుకు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదని తేలాక పేరు పెట్టారు. ఏడాది తర్వాత చూస్తే ఏ గుంపులోనూ క్యాన్సర్ గానీ, పేగు వాపు జబ్బు గానీ, సీలియాక్ గానీ బయటపడలేదు. రోగుల బాగోగుల్లోనూ తేడా లేదు. తేడా అల్లా రెండో గుంపు ఖర్చు.

పరీక్షల కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని మరీ సులువు. ఏ మందులు వాడుతున్నారు? షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ విరేచనాలు తెస్తుంది. మోకాళ్ల నొప్పికి రోజూ మింగే డైక్లోఫెనాక్ పుండు తెస్తుంది. ఐరన్ బిళ్ల మలబద్ధకం తెస్తుంది. పాలు ఎన్ని తాగుతున్నారు? దక్షిణ భారతంలో పెద్దవాళ్లలో ఎక్కువమందికి పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ తక్కువ. అయినా కడుపు మంట అనగానే చల్లటి పాలు తాగమంటాం, ఆ రాత్రి పొట్ట ఉబ్బితే గ్యాస్ ముదిరిందంటాం. రాత్రిపూట ఏం తింటున్నారు? షుగర్ అనో, ఒళ్లు తగ్గాలనో అన్నం మాని నాలుగు చపాతీలకు మారిన తర్వాతే ఉబ్బరం మొదలైందా? ఈ మూడు ప్రశ్నలకు ఏ ల్యాబూ అక్కర్లేదు.

పేరు వచ్చాక

"పేరు పెట్టినా పూర్తిగా పోయే జబ్బు కాదు కదా, ఏం లాభం?" ఇది చివరి అడ్డుపుల్ల. బీపీ, షుగర్, ఆస్తమా కూడా పూర్తిగా పోవు. వాటికి పేరు దండగని ఎవరూ అనరు. పేరు వచ్చాక వైద్యం గురి పెట్టి జరుగుతుంది. మలబద్ధకం ఎక్కువున్నవాళ్లకు ఇసబ్గోల్ మేలు చేస్తుంది. మెలిపెట్టే నొప్పికి పేగు కండరాన్ని వదులు చేసే మందులున్నాయి. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు అభివృద్ధి చేసిన ఆహార పద్ధతి ఉంది. పేగులో పులిసి గాలి పుట్టించే పదార్థాలను కొద్ది వారాలు ఆపి, ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి, ఏది పడదో పట్టుకుంటారు. మన వంటింట్లో చూస్తే అన్నం నిర్దోషి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, ఎక్కువ కందిపప్పు, మామిడిపండు, పుచ్చకాయ అనుమానితులు. ఇవన్నీ జన్మంతా మానేయమని ఆ పద్ధతి చెప్పదు. ఎక్కడో చదివి అన్నీ ఒక్కసారి మానేసి ఎండిపోతున్నవాళ్లకు కూడా నిర్ధారణే మందు.

2023లో లాన్సెట్ ప్రచురించిన బ్రిటిష్ అధ్యయనం, మిగతా చికిత్సలకు లొంగని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌కు చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్ పనిచేస్తుందని చూపింది. పేగు నరాల నొప్పి సంకేతాన్ని తగ్గించడమే దాని పని, మోతాదు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు. ఇదే మందు పెద్ద మోతాదులో డిప్రెషన్‌కు వాడతారు. మన దగ్గర ఏం జరుగుతుందంటే, వివరం చెప్పకుండా చీటీలో రాస్తారు. రోగి ఇంటికెళ్లి ఫోన్‌లో వెతుక్కుని "నాకు పిచ్చి మందు రాశాడు" అని చెత్తబుట్టలో పడేస్తాడు. రెండు వాక్యాల వివరణ లేక ఒక మంచి మందు వృథా అయింది. నిర్ధారణ అంటే డాక్టరు మనసులో ఉండే పేరు కాదు, రోగికి అర్థమయ్యేలా చెప్పిన పేరు.

"అంత చెప్పే తీరిక డాక్టర్లకు ఎక్కడిది?" ఇందులో నిజం ఉంది. 2017లో 67 దేశాల సమాచారం కలిపి వేసిన లెక్కలో స్వీడన్ డాక్టరు ఒక రోగికి 22 నిమిషాలకు పైగా ఇస్తుంటే మన దేశంలో అది దాదాపు రెండు నిమిషాలు. బయట అరవై టోకెన్లున్న డాక్టరును నేను తప్పుపట్టను. అయితే ఆ రెండు నిమిషాల చూపు పది పరీక్షలు రాయడానికి సరిపోతోంది. ఆ పరీక్షల డబ్బుతో పది నిమిషాల మాట కొనుక్కోవచ్చు, కానీ మన ఆసుపత్రుల్లో యంత్రానికి రేటు ఉంది, మాటకు రేటు లేదు. బీమా ఇచ్చినా స్కానింగ్‌కే ఇస్తుంది, వినడానికి ఇవ్వదు. ఈ అన్యాయం సరిదిద్దాల్సింది ప్రభుత్వాలూ ఆసుపత్రులూ. అంతవరకూ రోగి తన వంతుగా రెండు వారాల నోటు రాసుకు వెళ్లొచ్చు. ఏం తిన్నారు, నొప్పి ఎప్పుడు, మలం ఏ తీరున, ఏ మందులు, ఎప్పటి నుంచి. రాతలో ఉన్న నొప్పిని "ఊహ" అని తోసేయడం కష్టం. ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఇంకా తక్కువ. మనిషి నొప్పి అంటే నొప్పే అని ఒప్పుకోవడం.

కడుపు రోగికి కావలసింది జాలి కాదు, ఇంకో స్కానింగూ కాదు. లేని జబ్బుల జాబితా చదివి వినిపించి పంపడం సగం పని. ఉన్నదాని పేరు, అదేనని ఎందుకు అనుకుంటున్నారో కారణం, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలో హెచ్చరిక. ఈ మూడూ తెలుగులో, రోగికి అర్థమయ్యేలా చెప్పేదాకా తీసుకున్న ఫీజుకు పని పూర్తి కానట్టే. అడగడానికి మొహమాటపడకండి, డబ్బు కట్టింది మీరే, నొప్పి పడుతున్నదీ మీరే.